విద్యుచ్ఛక్తి, గ్రామోపాధి, పంచాయతీల కర్తవ్యము

(గొలుగొండలో పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో ముచ్చటించుటకు నేను ఎన్నుకొన్న విషయము విద్యుచ్ఛక్తి. ఇంటిలో దీపము వెలుగుట వింతగా నుండిన కాలము గడచిపోయినది. కనుక దీపపు వెలుగును గురించి నేను చెప్పబోవుట లేదు. ఆ దీపము వెనుకనున్న విద్యుత్ సంస్థ ఎట్టి పని చేయుచున్నది? దానివలన మన గ్రామములలోని యువకులకు ఎంత ఉపాధి లభించుచున్నది? ఇంకను లభింపవలెనన్న పంచాయతీ ఏమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలను గురించియే నేటి ప్రసంగము.

మూడవ ప్రశ్నకు సమాధానము ముందుగానే మనవి చేయుదును. విద్యుత్ సంస్థ ఊరి దాక తీగ తెచ్చి యిచ్చును. ఆ తీగను పదిమంది బ్రతుకు తెరువుగా మార్చుకొను భారములో సగపాలు పంచాయతీదే. ఈ మాట ఏల అనవలసి వచ్చినదో క్రమముగా వివరించెదను.

మన కొండలు, మన నీరు

మన ప్రాంతమునకు విద్యుచ్ఛక్తి ఎక్కడినుండియో వచ్చిన పరాయి వస్తువు కాదు. మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ నది ఉత్తరముగా పారి, ఒడిశా సరిహద్దున డుడుమ జలపాతమై దూకి, తరువాత సీలేరు అను పేరుతో దక్షిణమునకు మరలి, శబరిలో కలసి, శబరి ద్వారా గోదావరిని చేరుచున్నది. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు కలసి డుడుమ కడ నిర్మించిన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో పని ప్రారంభించినది. 114.75 మెగావాట్ల శక్తితో రూపొందిన ఆ కేంద్రమే ఆనాడు ఉత్తరాంధ్రమునకు పెద్ద ఆధారము. తరువాత అదే నదిపై ఎగువ సీలేరున 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరున 460 మెగావాట్ల కేంద్రములు వెలసినవి. ఈ మూడును కలిపిన 725 మెగావాట్లగును.

నీటి తరువాత బొగ్గు వచ్చినది. మన అనకాపల్లి జిల్లాలోనే పరవాడ కడ సింహాద్రి థర్మల్ కేంద్రము 2002లో ఉత్పత్తికి వచ్చి, రెండవ దశ కూడ పూర్తియైన పిమ్మట 2,000 మెగావాట్ల కేంద్రమైనది. 2021లో దాని జలాశయముపై తేలు సౌర ఫలకములతో 25 మెగావాట్ల కేంద్రము ఏర్పడినది. నీరు, బొగ్గు, ఎండ అను మూడింటినుండియు శక్తిని తీయు కేంద్రములు మనకు ఇంత చేరువలో నున్నవని చెప్పుకొనుటకు మనము సంతోషింపవచ్చును.

ఐతే ఈ సంతోషములో ఒక బాకీ కూడ కలదు. జలాపుట్, బలిమెల జలాశయముల క్రింద కొండవారి పల్లెలు మునిగినవి. బలిమెల నీటిచే చుట్టబడి, బాహ్యప్రపంచముతో త్రోవ లేక మిగిలిన మల్కనగిరి జిల్లా పల్లెలకు గురుప్రియ వంతెన 2018లోగాని రాలేదు. నదిని దేశమున కిచ్చినవారి గడపకు అభివృద్ధి కడపట చేరినది. శక్తి ఉత్పత్తియైన చోటనే ఉపాధి తనంతట తాను పుట్టదని ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది. దానిని అడిగి, పట్టుబట్టి, ఏర్పాటు చేసికొనవలెను.

పంపిణీ సంస్థ చేయు పని

పూర్వము ఉత్పత్తి మొదలు బిల్లు వసూలు వరకు సమస్తమును ఒకే సంస్థ చూచుచుండెను. 1959 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలియే ఆ సంస్థ. 1999 ఫిబ్రవరి 1వ తేదీన అది రెండుగా విడివడగా, ఉత్పత్తి జెన్‌కోకును, ప్రసారము ట్రాన్స్‌కోకును చెందినవి. 2000 సంవత్సరమున పంపిణీ బాధ్యత ప్రాంతములవారీగా వేరు సంస్థల కప్పగింపబడినది. విశాఖపట్నము ముఖ్యస్థానముగా నున్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, శ్రీకాకుళము మొదలు పూర్వపు పశ్చిమ గోదావరి వరకు గల ప్రాంతమునకు కరెంటు నందించుచున్నది. మన గొలుగొండ దాని పరిధిలోనిదే.

ఈ ఏర్పాటు రైతులకు సులభముగా తెలియుటకు తాండవ జలాశయమును తలచుకొనుడు. జలాశయము, ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె అను వరుసలో నీరు పొలము చేరును. కరెంటు దారియు అట్టిదే. ఉత్పత్తి కేంద్రము జలాశయము. పెద్ద ఇనుప గోపురములపై పోవు లైన్లు ప్రధాన కాలువలు. 33 వేల వోల్టుల లైను పిల్ల కాలువ. సబ్‌స్టేషనులో అది 11 వేల వోల్టులకు తగ్గి ఊరికి వచ్చును. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు తూము వంటిది. అక్కడినుండి 240 వోల్టులతో ఇంటికిని, మూడు ఫేజులతో మోటారుకును చేరును.

కాలువ చివరి ఆయకట్టుకు నీరు చాలనట్లే, లైను చివరి ఇంటికి వోల్టేజి చాలదు. ఎగువ రైతు దొంగ తూము పెట్టినచో దిగువ చేను ఎండును. అనుమతి లేక మోటారు తగిలించినచో ట్రాన్స్‌ఫార్మరు కాలును. దాని క్రింద నున్న అందరి పంటలు ఎండును. ఒకనిదని తలచిన తప్పు పదిమంది నష్టమగును. కనుకనే ఎన్ని హార్స్‌పవరు మోటారు వేసితిమో ఉన్నదున్నట్లు నమోదు చేయించుకొనుడని సంస్థవారు కోరుచున్నారు. నమోదైన లెక్కను బట్టియే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు మంజూరగును. దాచిన భారమునకు ఎవరును ట్రాన్స్‌ఫార్మరు ఇయ్యలేరు.

సంస్థలోని ఉద్యోగములు

ఇక ఉపాధి విషయము. "మా వానికి కరెంటు ఆఫీసులో పని యిప్పింపుడు" అను కోరిక ప్రతి గ్రామమునను వినబడును. కోరిక న్యాయమైనదే. లెక్క మాత్రము స్పష్టముగా తెలిసికొనవలెను.

2019లో ఏర్పడిన గ్రామ సచివాలయ వ్యవస్థలో ఎనర్జీ అసిస్టెంటు అను పేర జూనియర్ లైన్‌మన్ గ్రేడు-2 ఉద్యోగములు వచ్చినవి. ఊరి స్థాయిలో విద్యుత్ ఉద్యోగి యుండుట గొప్ప మేలు. ఆ నియామకములకు పదవ తరగతితో పాటు ఎలక్ట్రికల్ లేక వైర్‌మన్ ట్రేడులో ఐ.టి.ఐ., లేదా ఇంటర్మీడియేటు వృత్తి విద్యలో తత్సంబంధమైన కోర్సు అర్హతగా నుంచినారు. స్తంభము ఎక్కుట, మీటరు చదువుట, సైకిలు త్రొక్కుట అను పరీక్షలు పెట్టినారు. ఈ అర్హతలను ఒకసారి చూడుడు. పట్టణములో పుట్టినవానికంటె పల్లెలో పెరిగినవాడు నెగ్గగల పరీక్షలివి. లోపించినది ఐ.టి.ఐ. పత్రము మాత్రమే. పదవ తరగతి కాగానే చదువు మానిన పిల్లలు మీ పంచాయతీలో ఎందరో మీకు తెలియును. వారిని ఆ రెండు సంవత్సరముల చదువునకు పంపుట మీ చేతిలోని పని.

సబ్‌స్టేషనులలో షిఫ్టు పనులు, మీటరు రీడింగు, స్తంభములు నాటుట, తీగలు లాగుట, ట్రాన్స్‌ఫార్మరుల మరమ్మతు మున్నగువానిలో పెక్కు కాంట్రాక్టర్ల ద్వారా జరుగుచున్నవి. ఇట్టి పనిలో చేరువారు తమకు రావలసిన కూలి ఎంతో, భవిష్యనిధి జమ యగుచున్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. అల్లూరి సీతారామరాజు సమాధి గల కృష్ణదేవిపేట ఈ మండలములోనిదే. కొండలలో దారి వేయు పనికి మన్యప్రజలచే చాకిరి చేయించి, తగిన కూలి ముట్టజెప్పకపోవుట 1922 నాటి తిరుగుబాటు కారణములలో ఒకటి. పనికి తగిన కూలి అడుగుట మీకు క్రొత్తగా నేర్పనక్కరలేదు.

మరియొక హెచ్చరిక. సొమ్ము తీసికొని ఉద్యోగ మిప్పించెదమని తిరుగు దళారులు ప్రతి నియామకపు కాలమునను బయలుదేరుదురు. ప్రకటన, దరఖాస్తు, పరీక్ష అను మూడును లేని ఉద్యోగము లేదని గ్రామసభలో చాటించుడు. ఒక్క కుటుంబపు భూమి తాకట్టు పడకుండ ఆగినను అది గొప్ప సేవయే.

తీగ చివర పుట్టు పని

సంస్థలోని ఉద్యోగములు ఒక గ్రామమునకు ఒకటియో రెండో. తీగ చివర పుట్టు పని అంతకంటె ఎన్నో రెట్లు. ఉదాహరణమునకు మన ప్రాంతపు చెరకును తీసికొందము. అనకాపల్లి బెల్లము దేశమంతట పేరొందినది. కరెంటు మోటారుతో నడచు గానుగ యొక్కటి యున్నచో చెరకు నరకువారు, మోయువారు, గానుగకు అందించువారు, పొయ్యి మండించువారు, పాకము చూచువారు, దిమ్మలు పోయువారు ఇందరికి పని. 5 హార్స్‌పవరు మోటారు గంటకు సుమారు 4 యూనిట్లు వాడును. ఆ నాలుగు యూనిట్ల చుట్టు ఇన్ని చేతులు కదలుచున్నవి.

కాని రసము తీయుచుండగా కరెంటు పోయినచో ఏమగును? నరికిన చెరకు, తీసిన రసము నిలువయుండిన కొలది పులియును. బెల్లము రంగు చెడును. రంగు చెడిన బెల్లమునకు సంతలో ధర పడును. ఆ పూట కూలి కూడ పోవును. కాబట్టి అంతరాయము లేని సరఫరా సౌఖ్యమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. అది కూలివాని రోజు కూలి. పిండి మర, వెల్డింగు షెడ్డు, మోటారు వైండింగు, కుట్టుమిషనులు, పాల శీతలీకరణ, జీడిపప్పు శుద్ధి — అన్నింటిదియు ఇదే కథ. ఇందులో పెద్ద యంత్రములకు మూడు ఫేజుల కరెంటు వలెను. మీ ఊరిలో మూడు ఫేజుల కరెంటు ఎవరికి, ఏ వేళల కావలెనో జాబితా వ్రాసి సెక్షను ఇంజనీరుకు అందజేయుడు. వ్రాతపూర్వకముగా అడిగిన ఊరి అవసరము ప్రణాళికలో చేరుటకు అవకాశము కలదు; అడుగని ఊరి అవసరము ఇంజనీరుకు తెలియుటెట్లు?

ఎండ పంట

నేడు శక్తి రంగమున గొప్ప మార్పు జరుగుచున్నది. 2024 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానము 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులను, 7.5 లక్షల ఉద్యోగములను లక్ష్యముగా పెట్టుకొన్నది. మన జిల్లాలోని పూడిమడక కడ ఎన్.టి.పి.సి. హరిత హైడ్రోజను కేంద్రమునకు 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి శంకుస్థాపన చేసినారు. సముద్రతీరమున నున్న ఆ కేంద్రమునకు మన మండలము మరీ దూరము కాదు. ఆ లక్షలలో గొలుగొండవారు ఎందరు? ఈ ప్రశ్నను ప్రతి పంచాయతీయు వేసికొనవలెను.

ఇంటి కప్పుపై ఎండతో కరెంటు పండించు పథకము ఊరిలోనే మొదలు పెట్టదగినది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద 1 కిలోవాటునకు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు లేక అంతకు మించినచో 78 వేల రూపాయల సహాయము కేంద్ర ప్రభుత్వ మిచ్చును. 1 కిలోవాటు ఫలకములు రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇచ్చును. మిగిలిన శక్తిని పంపిణీ సంస్థ మీటరు ద్వారా లెక్కకట్టి స్వీకరించును. ఈ పథకమున పెట్టించుకొన్న ఒక్కొక్క ఇంటికి వేయి రూపాయల చొప్పున స్థానిక సంస్థలకు ప్రోత్సాహకము కూడ కలదని సర్పంచులు గమనింపవలెను.

ఈ ఫలకములను ఎవరు బిగింతురు? ఎవరు తుడుతురు? చెడినచో ఎవరు బాగుచేయుదురు? ఊరిలో ఆ పని వచ్చిన యువకుడు లేనిచో పట్టణమునుండి మనిషి రావలెను. కూలి పట్టణమునకు పోవును. 2015లో ఆరంభమైన సూర్యమిత్ర శిక్షణ వంటివి ఇందుకే ఏర్పడినవి. నెడ్‌క్యాప్ కార్యాలయములో విచారించి శిక్షణల సమాచారమును ముందుగా తెప్పించుకొనుడు.

ప్రాణముకంటె విలువైన పని లేదు

ఉపాధిని గురించి చెప్పుచు ప్రాణమును గురించి చెప్పకుండుట తగదు. అడవి పందులనుండి పంటను కాపాడుటకు పొలము చుట్టు కరెంటు తీగ కట్టు దురాచారము కొండవాలు గ్రామములలో కలదు. ఆ తీగకు పందికిని మనిషికిని భేదము తెలియదు. చీకటిలో నీరు పెట్టబోయిన పొరుగు రైతు, పశువును వెదుకబోయిన పిల్లవాడు దానికి బలియగుదురు. ఇది నేరము. దీనిని ఆపునట్టి అధికారము పోలీసువారికి కలదు. కాని దీనిని ముందుగా చూడగల కన్ను వార్డు సభ్యునిదే.

ఫ్యూజు పోగానే ఊరిలోని చురుకైన కుర్రవానిని ట్రాన్స్‌ఫార్మరు కడకు పంపుట మరియొక అలవాటు. వానికి చేతి తొడుగులుండవు. లైను ఆపించు అధికార ముండదు. లైన్‌మనుకు సైతము సబ్‌స్టేషనునుండి లైను ఆపిన అనుమతి వచ్చిన తరువాతనే తీగ ముట్టవలెనను నియమము కలదు. శిక్షణ పొందినవానికే అంత జాగ్రత్త వలసినప్పుడు, శిక్షణ లేనివాని మాట చెప్పనేల?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకినప్పుడు వేలాది స్తంభములు నేలకొరిగినవి. అప్పుడు ఇతర ప్రాంతములనుండి సైతము సిబ్బంది వచ్చి, రాత్రింబగళ్లు శ్రమించి లైన్లు నిలిపినారు. అట్టి వేళ ఊరివారు చేయదగిన సహాయము తెగిన తీగకు కాపలా కాయుట, పడిన చెట్టును తొలగించుట, పనివారికి దారి చూపి భోజనము పెట్టుట. తీగను ముట్టుట మాత్రము కాదు.

పంచాయతీ చేయదగిన అయిదు పనులు

మొదటిది, వీధి దీపములు. 100 పాత ట్యూబులైట్లు చోకుతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్ల చొప్పున రాత్రి 12 గంటలు వెలిగినచో 60 యూనిట్లు ఖర్చగును. వాని స్థానమున 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు పెట్టినచో 24 యూనిట్లు చాలును. రాత్రికి 36, సంవత్సరమునకు 13,140 యూనిట్లు మిగులును. పగలు వెలుగుచున్న దీపములను ఆర్పుటకు స్విచ్చి, దానికొక బాధ్యుడు ఏర్పడినచో ఇంకను మిగులును. పంచాయతీ బిల్లు బాకీపడిన సొమ్ము తుదకు సంస్థ లైన్ల మరమ్మతులలో తరుగును.

రెండవది, ఫిర్యాదుల పుస్తకము. విద్యుత్ నియంత్రణ మండలి 2004లో నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము గ్రామములలో ఫ్యూజు పోయినచో 12 పని గంటలలో, ట్రాన్స్‌ఫార్మరు చెడినచో 48 గంటలలో సరిచేయవలెను. 1912 నంబరుకు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్యను, వేళను పుస్తకములో వ్రాసి యుంచుడు. పరిష్కారము కానిచో వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు ఆ పుస్తకమే సాక్ష్యము. వట్టి కోపమునకు విలువ లేదు. తేదీతో కూడిన ఫిర్యాదునకు విలువ కలదు.

మూడవది, మోటార్ల సంరక్షణ. వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు 2004 మే నెలలో ఆరంభమైనది. ఉచితమైనంత మాత్రమున వృథా చేయరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర గల మోటారు, 5 హార్స్‌పవరు మోటారునకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు, మంచి ఫుట్‌వాల్వు, తగిన గొట్టము ఉండునట్లు చూచినచో లైనుపై భారము తగ్గి చివరి రైతుకు వోల్టేజి పెరుగును.

నాల్గవది, యువకుల పట్టిక. పదవ తరగతి పూర్తి చేసినవారు, ఐ.టి.ఐ. చదివినవారు, వైరింగు పని తెలిసినవారు ఎందరో వ్రాయుడు. కుట్టుపని, విద్యుత్ పరికరముల పని నేర్వగోరు స్త్రీల పేర్లను మరువకుడు. ఏ శిక్షణ ప్రకటన వచ్చినను ఆ పట్టిక మీ చేతిలో సిద్ధముగా నుండవలెను.

అయిదవది, మాట చెప్పుట. పంపిణీ సంస్థలు తమ ఆదాయ వ్యయముల లెక్కలను ఏటేట నియంత్రణ మండలి ముందుంచును. ఛార్జీలు నిర్ణయించుటకు ముందు మండలి బహిరంగ విచారణ జరుపును. ఎవరైనను అభ్యంతరములను, సూచనలను వ్రాసి పంపవచ్చును. పట్టణపు పరిశ్రమలవారు, రైతు సంఘములవారు పంపుచున్నారు. పంచాయతీలు ఏల పంపరాదు? మా ఊరికి సబ్‌స్టేషను దూరముగా నున్నది, స్థలము మేము ఇచ్చెదము అని తీర్మానము చేసి పంపుడు.

సోదరులారా! ఈ కొండల నీరు డెబ్బది సంవత్సరములుగా దూరపు పట్టణములలో యంత్రములను త్రిప్పుచున్నది. అది తప్పు కాదు. దేశమునకు అది అవసరము. కాని ఆ నీటి ప్రక్క పుట్టిన బిడ్డ పని వెదకికొనుచు అదే పట్టణమునకు వలస పోవుచుండుట మాత్రము మనము సరిదిద్దవలసిన విషయము. సంస్థవారి బాధ్యత వారిది. ప్రభుత్వపు బాధ్యత ప్రభుత్వముది. మీ వంతు పనికి గొప్ప నిధులక్కరలేదు. ఒక పుస్తకము, ఒక పట్టిక, ఒక తీర్మానము చాలును. వచ్చే గ్రామసభలోనే వానిని ప్రారంభింపుడని ప్రార్థించుచున్నాను.